సిగరెట్ మానేయాలంటే స్ట్రీక్ కౌంటర్ చాలదు, ఐదు నిమిషాల బటన్ కావాలి

ప్లే స్టోర్‌లో "క్విట్ స్మోకింగ్" అని కొట్టండి, యాప్‌లు వరసగా దిగుతాయి. ఐకాన్లు వేరు, రంగులు వేరు, లోపల సరుకు మాత్రం దాదాపు ఒక్కటే. మానేసి ఎన్ని రోజులైందో చూపించే పెద్ద నంబర్, మిగిలిన డబ్బు, తాగని సిగరెట్ల లెక్క, ఊపిరితిత్తులు ఎంత శాతం బాగయ్యాయో చెప్పే ఒక బార్.

నేను సిగరెట్ మానేసి ఏడు నెలలైంది. బీటెక్ థర్డ్ ఇయర్‌లో మొదలైంది, జాబ్‌లో చేరాక రోజుకి పది దాకా వెళ్లింది. మానేసిన కొత్తలో ఇలాంటి యాప్‌లు నాలుగు వాడా. చేతికి స్మార్ట్‌వాచ్ ఉండనే ఉంది. కాబట్టి నా ఒపీనియన్ సూటిగా చెప్పేస్తా. ఈ యాప్‌లు మానేసినవాళ్లకి మార్కులు వేయడానికి బాగా పనికొస్తాయి. మానేస్తూ అవస్థ పడుతున్నవాళ్లకి సాయం చేయడంలో మాత్రం వెనకబడ్డాయి. ఇది ఎవరి విల్ పవర్‌కో సంబంధించిన సమస్య కాదు, డిజైన్ సమస్య.

ముందు విత్‌డ్రాయల్ అంటే ఏంటో చూద్దాం

పొగ పీల్చిన 10 నుంచి 20 సెకన్లలో నికోటిన్ మెదడుకి చేరుతుంది. రక్తంలో దాని హాఫ్ లైఫ్ సుమారు రెండు గంటలు. అంటే ఒక సిగరెట్ తాగిన రెండు గంటలకి అందులోంచి వచ్చిన నికోటిన్ సగానికి పడిపోతుంది, మెదడు మళ్లీ అడగడం మొదలుపెడుతుంది. స్టాండప్ మీటింగ్ అవ్వగానే కాళ్లు వాటంతట అవే కింద టీ కొట్టు వైపు నడవడానికి కారణం ఇదే.

పూర్తిగా ఆపేస్తే కొన్ని గంటల్లోనే చిరాకు, ఆందోళన మొదలవుతాయి. ఫోకస్ కుదరదు. నిద్ర సరిగ్గా పట్టదు, ఆకలి పెరుగుతుంది, మనసు దిగులుగా ఉంటుంది. రెండు మూడు రోజులప్పుడు ఇదంతా పీక్‌కి వెళ్తుంది. ఆ తర్వాత రెండు నుంచి నాలుగు వారాల్లో క్రమంగా తగ్గుతుంది. ఆకలి మాత్రం ఇంకొన్నాళ్లు ఉండొచ్చు.

ఇక్కడ ఒక పాయింట్ గుర్తుపెట్టుకోండి. తాగాలనిపించే ఆ గుంజుడు రోజంతా ఒకే లెవెల్లో ఉండదు. అలలాగా వస్తుంది, ఐదు పది నిమిషాల్లో తగ్గిపోతుంది. "నెల రోజులు సిగరెట్ లేకుండా ఎలారా బాబూ" అనుకుంటే భయమేస్తుంది. "ఈ ఏడు నిమిషాలు గడిస్తే చాలు" అనుకుంటే చేయగలిగే పనిలా కనిపిస్తుంది.

ఏ సాయమూ లేకుండా మానేయాలని చూసేవాళ్లలో ఆరు నెలలు, ఏడాది దాకా నిలబడేది నూటికి ముగ్గురు నుంచి ఐదుగురే. ఎక్కువమంది మొదటి ఎనిమిది రోజుల్లోనే మళ్లీ వెలిగిస్తారు. కాబట్టి ఒక క్విట్ యాప్ తన బలమంతా ఎక్కడ పెట్టాలి? ఆ ఎనిమిది రోజుల్లో, అందులోనూ ఆ ఐదు పది నిమిషాల్లో. ఇప్పుడున్న యాప్‌లు ఆ టైమ్‌లో ఏం చేస్తున్నాయో చూద్దాం.

ఆ హెల్త్ బార్ దేన్నీ కొలవట్లేదు

"మీ ఊపిరితిత్తులు 34 శాతం కోలుకున్నాయి" అని నోటిఫికేషన్ వస్తే ఎవరికైనా హ్యాపీగానే ఉంటుంది. కానీ కోడ్ రాసేవాళ్లకి ఆ బార్ వెనక ఏముందో ఊహించడం కష్టం కాదు. ఇప్పటి టైమ్‌లోంచి మానేసిన టైమ్ తీసేయడం, దాన్ని ఒక ఫిక్స్‌డ్ నంబర్‌తో భాగించడం, అంతే. రోజుకి మూడు తాగినవాడికీ, రెండు ప్యాకెట్లు ఊదినవాడికీ ఒకే స్పీడ్‌లో నిండుతుంది. ఫోన్‌కి మీ ఊపిరితిత్తుల గురించి ఏమీ తెలియదు.

వాచ్‌లో ఎస్‌పీఓ2 చూసుకుంటే సరిపోతుంది కదా అని అడగొచ్చు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ సెన్సర్ ఎరుపు, ఇన్‌ఫ్రారెడ్ కాంతిని చర్మంలోకి పంపి, తిరిగొచ్చిన కాంతిని బట్టి లెక్క కడుతుంది. సిగరెట్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అంటుకున్న హిమోగ్లోబిన్ ఈ సెన్సర్‌కి ఇంచుమించు ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్‌లాగే కనిపిస్తుంది. అందుకే ఇప్పుడే దమ్ము కొట్టి వచ్చినవాడికి కూడా 97, 98 చూపించొచ్చు. "నా ఎస్‌పీఓ2 సూపర్, నాకేం కాలేదు" అనే ఫ్రెండ్ మీకూ ఉంటే ఈ సంగతి చెప్పండి.

వాచ్ నిజంగా కొలవగలిగేది ఒకటుంది, రెస్టింగ్ హార్ట్ రేట్. నికోటిన్ గుండె వేగాన్ని పెంచుతుంది కాబట్టి మానేశాక అది సాధారణంగా తగ్గుతుంది. నా వాచ్‌లో వారం సగటు 78 నుంచి మూడో వారానికి 71కి వచ్చింది. అందరికీ ఇంతే తగ్గాలని లేదు, నిద్ర, జ్వరం, వర్కౌట్ అన్నీ దీన్ని మారుస్తాయి. కానీ కనీసం ఇది నా ఒంట్లోంచి వచ్చిన నంబర్. క్విట్ యాప్‌లు బొమ్మ బార్ తీసేసి, వాచ్ డేటా నుంచి ఈ గ్రాఫ్ చూపిస్తే ఎంత బాగుంటుంది!

స్ట్రీక్ జీరో అయితే ఏమవుతుంది?

నా రూమ్మేట్ నాకంటే ముందే మానేశాడు. 41 రోజులు గట్టిగా ఉన్నాడు. ప్రొడక్షన్ రిలీజ్ ఫెయిలైన ఒక రాత్రి టీమ్‌తో పాటు కిందకెళ్లి ఒక్కటి వెలిగించాడు. నిజాయితీగా యాప్‌లో కూడా ఎంటర్ చేశాడు. యాప్ ఏం చేసింది? 41ని 0 చేసింది. "మళ్లీ మొదలుపెట్టండి" అని ఒక మెసేజ్ పెట్టింది. "ఎలాగూ జీరోనే కదా మామా" అంటూ మర్నాడు పొద్దున్నే ప్యాకెట్ కొన్నాడు.

దీనికి సైకాలజీలో పేరు కూడా ఉంది. అమెరికన్ సైకాలజిస్ట్ అలన్ మార్లాట్ 1980లలో దీన్ని అబ్‌స్టినెన్స్ వయొలేషన్ ఎఫెక్ట్ అన్నారు. ఒక్కసారి నియమం తప్పితే "ఇక అంతా పోయింది, నావల్ల కాదు" అనే ఫీలింగ్ వస్తుంది. జారిన మనిషిని పూర్తిగా కింద పడేసేది చాలాసార్లు ఆ ఫీలింగే. జీరో చూపించే స్క్రీన్ సరిగ్గా దానికే ఆజ్యం పోస్తుంది.

ఒక్క సిగరెట్టే కదా, ఏం కాదు అని నేననట్లేదు. ఒక్కటి తాగినవాళ్లలో చాలామంది పాత అలవాటుకి వెళ్లిపోతారు, అది నిజం. అందుకే ఆ ఒక్కటి తర్వాతి గంట చాలా విలువైనది. సరిగ్గా ఆ గంటలోనే యాప్ మొహం తిప్పేసుకుంటోంది, నా గొడవ అదే.

స్ట్రీక్ వల్ల లాభం లేదా అంటే ఉంది. ఆ నంబర్ పోగొట్టుకోకూడదనే పంతంతో నిలబడేవాళ్లు ఉంటారు. కానీ భాష నేర్పే డ్యుయోలింగోలోనే ఒక రోజు మిస్సయితే కాపాడటానికి స్ట్రీక్ ఫ్రీజ్ ఉంది. గిట్‌హబ్ అయితే 2016లో ప్రొఫైల్ పేజీల నుంచి స్ట్రీక్ కౌంటర్నే తీసేసింది. స్పానిష్ పాఠానికి ఉన్న దయ, నికోటిన్‌తో కుస్తీ పడేవాడికి ఉండొద్దా? "42 రోజుల్లో 41 రోజులు పొగ లేదు" అని చూపించడానికి ఎంత కోడ్ రాయాలి? ఒక్క లైన్ మార్పు.

యాప్ బయట పనిచేసేవి

మొదటిది నికోటిన్ గమ్ లేదా ప్యాచ్. నికోటిన్ కొంచెం అందుతుంది, పొగా తారూ కార్బన్ మోనాక్సైడూ ఉండవు. వీటిని వాడితే మానేయగలిగే అవకాశం సుమారు 50 నుంచి 60 శాతం పెరుగుతుందని కాక్రేన్ రివ్యూ చెప్తోంది. 2 మి.గ్రా. గమ్ మెడికల్ షాపులో చీటీ లేకుండానే దొరుకుతుంది, 4 మి.గ్రా.కి డాక్టర్ చీటీ కావాలి. నిద్ర లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగించేవాళ్లకి అలవాటు గట్టిగా ఉన్నట్టు లెక్క. వాళ్లు డాక్టర్‌ని కలిస్తేనే మంచిది, గమ్ కాకుండా వేరే మందులు కూడా ఉన్నాయి.

గమ్ వాడే పద్ధతి చాలామందికి తెలియదు. బబుల్‌గమ్‌లా నమిలితే ఎక్కిళ్లు, కడుపులో వికారం. మెల్లగా నమిలి, ఘాటు తగలగానే బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టుకోవాలి. ఘాటు తగ్గాక మళ్లీ కాస్త నమలాలి. ఇలా అరగంట. గమ్‌కి పావుగంట ముందు నుంచి కాఫీ, కూల్‌డ్రింక్ వద్దు, నికోటిన్ సరిగ్గా అందదు.

రెండోది మనలాంటి కెఫీన్ బ్యాచ్‌కి ముఖ్యమైనది. పొగలోని తారు పదార్థాల వల్ల లివర్ కెఫీన్‌ని మామూలు కంటే వేగంగా అరగదీస్తుంది. సిగరెట్ ఆపగానే ఆ వేగం తగ్గిపోతుంది. అవే నాలుగు కప్పులు తాగినా ఒంట్లో కెఫీన్ దాదాపు రెట్టింపు కావొచ్చు. చెయ్యి వణకడం, గుండె దడ, నిద్ర పట్టకపోవడం, ఇదంతా విత్‌డ్రాయలే అనుకుంటాం. అందులో కొంత కాఫీ పని. నేను నాలుగు కప్పుల్ని రెండు చేశాక నాలుగైదు రోజుల్లో నిద్ర దారిలో పడింది. కొన్ని మందులు కూడా లివర్‌లో ఇదే దారిలో కరుగుతాయి. మీరు రోజూ ఏవైనా మందులు వాడుతుంటే, మానేసే ముందు డాక్టర్‌కి ఒక మాట చెప్పండి.

మూడోది 1800-11-2356. సిగరెట్ ప్యాకెట్ మీద భయంకరమైన ఫోటో కింద ఉండే నంబర్ ఇదే. జాతీయ టొబాకో క్విట్‌లైన్, 2018 నుంచి ప్యాకెట్ మీద ముద్రిస్తున్నారు. ఫ్రీ కాల్. రోజూ చేత్తో పట్టుకున్న ప్యాకెట్ మీదే హెల్ప్‌లైన్ ఉన్నా, నాకు తెలిసిన స్మోకర్లలో దానికి ఫోన్ చేసినవాళ్లు ఇద్దరే.

వేప్ సంగతి అడుగుతారని తెలుసు, ఎందుకంటే అదీ ఒక గాడ్జెటే. బ్రిటన్‌లో సిగరెట్ మానడానికి దాన్ని సూచిస్తారు, నిజమే. మన దగ్గర 2019 చట్టం ప్రకారం ఈ-సిగరెట్ తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన అన్నీ నిషేధం. దొంగచాటుగా దొరికే డివైస్‌లో ఏ లిక్విడ్ ఉందో, ఎంత నికోటిన్ ఉందో చెప్పేవాడు లేడు. స్పెక్ షీట్ లేని ఫోనే కొనం, దీన్ని ఎలా కొంటాం?

నాకు కావలసిన యాప్, అప్పటిదాకా మీ ఫోన్

నాకు కావలసింది హోమ్ స్క్రీన్ మీద ఒక పెద్ద బటన్. నొక్కగానే ఏడు నిమిషాల టైమర్ మొదలవ్వాలి. ఎందుకు తాగాలనిపించిందో ఒక్క ట్యాప్‌లో అడగాలి, భోజనమా, చాయా, గొడవా, రిలీజా. వారం డేటా చూసి, రోజూ సాయంత్రం ఐదింటికి గుంజుతోందని తెలిస్తే 4:50కే "గమ్ జేబులో ఉందా" అని అడగాలి. జారిపోతే లెక్క చెరపకుండా, తర్వాతి గంట తోడుండాలి.

ఇలాంటిది వచ్చేదాకా ఇవాళే మీ ఫోన్‌లో పది నిమిషాల్లో సెట్ చేసుకోగలిగేవి కొన్ని ఉన్నాయి. ఏడు నిమిషాల టైమర్‌కి హోమ్ స్క్రీన్ మీద షార్ట్‌కట్ పెట్టండి, వాచ్ ఉంటే అందులో కూడా. క్విట్‌లైన్‌కి, మిమ్మల్ని తిట్టకుండా వినే ఒక ఫ్రెండ్‌కి డైరెక్ట్ డయల్ విడ్జెట్లు పెట్టండి. ఆ ఫ్రెండ్‌కి ముందే చెప్పి ఉంచండి, "ఈ టైమ్‌లో ఫోన్ చేస్తే క్రికెట్ గురించైనా సరే, కాసేపు మాట్లాడు" అని. టైమర్ నడిచేంతసేపు ఒక చోట కూర్చోవద్దు. గ్లాసు నీళ్లు తాగండి, గాలి నిదానంగా లోపలికి పీల్చి వదలండి, మెట్లెక్కి రండి. టైమర్ మోగినా ఇంకా గుంజుతుంటే ఇంకో ఏడు నిమిషాలు పెట్టండి.

స్ట్రీక్ యాప్ ఇష్టమైతే ఉంచుకోండి. రోజుకి పది, ఒక్కోటి 20 రూపాయలు అనుకున్నా ఏడాదికి 73,000, ఒక ఫ్లాగ్‌షిప్ ఫోన్ డబ్బు. ఆ నంబర్ చూస్తే ఎవరికైనా ఉత్సాహం వస్తుంది. కానీ మూడో రోజు సాయంత్రం, తల పగిలిపోతున్నప్పుడు, ఆ 73,000 గుర్తుకురాదు. అప్పుడు జేబులో ఉండాల్సింది గమ్, స్క్రీన్ మీద ఉండాల్సింది ఆ టైమర్.

యాప్ డెవలపర్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్కటే రిక్వెస్ట్. వచ్చే అప్‌డేట్‌లో కొత్త బ్యాడ్జ్‌లు వద్దు బాస్. ఆ రీసెట్ లాజిక్ తీసేయండి చాలు.