కాదనడమూ నోటరీ విధే

భిలాయ్ ఉక్కు పట్టణంలో దశాబ్దాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు నోటరీతో పని తరచు పడుతుంది. ఇంటిపేరు ముందు రాసుకునే మనవారి పేరు కార్ఖానా రికార్డులో ఒక విధంగా, స్వగ్రామంలోని భూమి కాగితాల్లో మరొక విధంగా నమోదు కావడం, ఆ రెండు పేర్లూ తనవేనని అఫిడవిట్ ఇవ్వవలసిరావడం పరిపాటి. శ్రీకాకుళం కోర్టులోని పొలం తగాదా చూసుకోమని తమ్ముడికి పవర్ ఆఫ్ అటార్నీ పంపాలన్నా నోటరీ ముద్ర కావలసిందే. ఆ నోటరీ ఈ పని చేయనంటే?

1952 నాటి నోటరీల చట్టంలో తిరస్కరణకంటూ ప్రత్యేక సెక్షన్ లేదు. అయితే 8వ సెక్షన్ అప్పగించిన పని పత్రాన్ని సరిచూసి ధ్రువీకరించడం. సరిచూడ వీలులేని దానిని కాదనడం అందులోనే ఇమిడి ఉంది. సంతకందారు ఎదుటికి రాకపోయినా, ఆయన ఫలానా అని తేలకపోయినా, కాగితంలో ఖాళీలు వదిలినా, సర్టిఫికెట్‌లో పేర్కొన్న ప్రాంతం దాటి పనిచేయమన్నా నోటరీ నిరాకరించి తీరాలి.

మంచంపట్టిన తండ్రి సంతకాన్ని కొడుకు తెచ్చినపుడు కాదనడం కఠినంగా కనిపించవచ్చు. కాని నోటరీ ఎదుట రాసిన పవర్ ఆఫ్ అటార్నీని సక్రమమైనదిగానే కోర్టు తొలుత భావించాలని 1872 సాక్ష్య చట్టం 85వ సెక్షన్ చెప్పింది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 84వ సెక్షన్‌దీ అదే మాట. సంతకం దొంగదైతే దానిని తప్పని నిరూపించే భారం ఆ తండ్రి నెత్తినే పడుతుంది. నోటరీయే ఇంటికి వెళ్లవచ్చు. ప్రయాణ ఖర్చు తీసుకోవడానికి 1956 నిబంధనలు అనుమతిస్తున్నాయి. వివాహ, విడాకుల పత్రాలు నోటరీలు చేయరాదని కేంద్ర న్యాయశాఖ 2024 అక్టోబరులో స్పష్టం చేయవలసివచ్చిందంటేనే ముద్రలు ఎంత ఉదారంగా పడుతున్నాయో ఊహించవచ్చు.

నిర్ణీత రుసుముకు మించి ఇవ్వలేదని పంపివేయడం మాత్రం వేరు సంగతి. రుసుముల పట్టికను కార్యాలయం లోపలా బయటా ప్రదర్శించాలని, రసీదు ఇవ్వాలని నిబంధనలు ఆదేశిస్తున్నాయి. ఆ పట్టిక ఎన్నిచోట్ల కనిపిస్తుందో పాఠకులకే తెలుసు. తెలుగు కాగితం చదవలేని నోటరీ అనువాదం కోరడం సమంజసమే. అసలు చూడనే చూడననడం కాదు.

నిరాకరణకు గురైన వ్యక్తి చేతిలో నేడు కారణం తెలిపే కాగితం ముక్క ఉండదు. దుష్ప్రవర్తనపై విచారణకు 13వ నిబంధన ఉన్నా, ఏ ఆధారంతో ఫిర్యాదు చేయాలి? కారణాన్ని రాసి ఇవ్వాలన్న షరతు చేర్చడానికి పార్లమెంటు దాకా పోనక్కరలేదు. కేంద్రం ఒక గెజెట్ నోటిఫికేషన్ జారీ చేస్తే చాలు.