సిమెంటు బస్తాతో పరుగు

సూరత్ నుంచి బార్డోలీ వెళ్ళే మార్గం జాతీయ రహదారిని కలిసే చోట కడోదరా ఉంది. చీరలకు రంగులద్దే మిల్లులు, మరమగ్గాల షెడ్లు, బట్టల మూటలతో కదిలే లారీలు - ఆ ఊరికి ఇవే ఉదయ సంధ్యలు. తెలుగునాట పెళ్ళిళ్ళలో బంధువులకు పెట్టే పెట్టుబడి చీరలలో అనేకం సూరత్ పరిసరాల నుంచి వచ్చేవే. చీరలు ఇటు వస్తే, మనుషులు అటు వెళ్ళారు. వరంగల్లు, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలి కుటుంబాలు సూరత్‌లో, ముఖ్యంగా లింబాయత్ వైపు, తరాలుగా స్థిరపడి ఉన్నాయి. మరమగ్గం పని సాధారణంగా 12 గంటల షిఫ్టులలో సాగుతుంది.

అటువంటి ఇంటిలోని తండ్రి ఒకడు మారథాన్ పరుగెత్తాలని, ఆ పేరున తెలిసినవారి వద్ద చందాలు పోగుచేసి రోగపీడితుడైన ఏ శిశువుకో వైద్యం చేయించాలని సంకల్పించాడనుకుందాం. సంకల్పం ఉదాత్తమైనదే. కాని లెక్క వేసి చూడవలసి ఉంది. రోజులో 12 గంటలు షిఫ్టుకు పోయాయి. నిద్రకు 7. మిగిలినవి 5. ఆ అయిదింటిలోనే రాకపోకలు, స్నానపానాలు, సరుకులు తేవడం, పిల్లవాడి లెక్కల పుస్తకం, భార్యతో రెండు మాటలు. మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్లు. దానికి సిద్ధపడే సామాన్యుడు నాలుగు నెలలపాటు వారానికి ఏ 50 కిలోమీటర్లో పరుగెత్తాలి. కిలోమీటరుకు 7 నిమిషాల చొప్పున అది దాదాపు 6 గంటలు.

ఈ 6 గంటలు ఎవరి వాటాలోనుంచి వస్తాయి? చందా ఇచ్చినవారి పేర్లు రసీదు పుస్తకంలో ఉంటాయి. కాలం ఇచ్చిన ఇంటివారి పేర్లు ఎక్కడా ఉండవు.

ఈ ప్రశ్న కడోదరాకే పరిమితం కాదు. లోకంలో దీనిని అందరికంటె గట్టిగా ఎదుర్కొన్న తండ్రి బహుశా అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఉండేవాడు. ఆయన పేరు డిక్ హాయ్ట్. సైనిక విభాగంలో ఉద్యోగి. భార్య పేరు జూడీ. వారి పెద్ద కుమారుడు రిక్ 1962 జనవరిలో జన్మించాడు. ప్రసవ సమయాన బొడ్డుతాడు మెడకు చుట్టుకొని మెదడుకు ప్రాణవాయువు అందలేదు. కాళ్ళు చేతులు స్వాధీనంలో లేవు, మాట లేదు. బిడ్డను ఏదైనా శరణాలయంలో వదిలివేయమని వైద్యులు సలహా ఇచ్చారు. తలిదండ్రులు వినలేదు. తాము కదిలినప్పుడల్లా పిల్లవాడి కళ్ళు తమను వెంటాడడం వారు గమనించారు. లోపల ఒక మనిషి మేలుకొని ఉన్నాడని వారికి తెలిసిపోయింది.

1972లో టఫ్ట్స్ విశ్వవిద్యాలయపు ఇంజనీర్లు ఒక యంత్రాన్ని తయారుచేసి ఇచ్చారు. తల పక్కన అమర్చిన మీటను తాకి, ఒక్కొక్క అక్షరాన్నే ఎంచుకుంటూ రిక్ మాటలు కూర్చగలిగాడు. మొదటి మాట "అమ్మా" అనేదో "నాన్నా" అనేదో అయి ఉంటుందని అందరూ ఊపిరి బిగపట్టారు. కాని అతడు కూర్చినది బోస్టన్ బ్రూయిన్స్ అనే హాకీ జట్టుకు జయధ్వానం! పదేళ్ళుగా ఇంటిలో ఆటల కబుర్లన్నీ ఆలకిస్తూనే ఉన్నాడన్నమాట.

1977లో ఒకనాడు రిక్ తండ్రిని ఒక కోరిక కోరాడు. ప్రమాదంలో పక్షవాతం వచ్చిన ఒక క్రీడాకారుని సహాయార్థం 5 మైళ్ళ పరుగు ఏర్పాటు చేస్తున్నారు, అందులో తానూ పాల్గొనాలి. మంచి పనికి చందా ఇవ్వడం కాదు, తానే పరుగులో ఉండాలి. చక్రాల కుర్చీలోనుంచి లేవలేని 15 ఏళ్ళ బాలుని కోరిక అది. తండ్రికి అప్పటికి 36 ఏళ్ళు. పరుగు అలవాటు లేదు. అయినా కుర్చీని తోసుకుంటూ 8 కిలోమీటర్లు పూర్తి చేశాడు. వారి వెనుక మిగిలినది ఒక్కరే. ఆ పరుగు దెబ్బకు కొన్నాళ్ళు తానే వికలాంగుడినయ్యానని డిక్ నవ్వుతూ చెప్పుకొనేవాడు. ఇంటికి వచ్చాక రిక్ యంత్రం మీద కూర్చిన మాటల సారాంశం ఇది: పరుగులో ఉన్నంతసేపూ తన వైకల్యం తనకు తోచలేదు. ఆ తరువాత తండ్రి ఇక ఆగలేదు.

ఇక్కడే ఒక చిన్న వివరం ఉంది. అభ్యాసం చేయవలసింది తండ్రి. కాని కుమారుడు బడికి వెళ్ళాలి, పాఠాలు చదవాలి. నాన్న సాధన కోసం బాలుని చదువు మానిపించడం న్యాయం కాదు గదా! అందుచేత రిక్ బడిలో ఉన్న సమయంలో డిక్ ఖాళీ కుర్చీలో సిమెంటు బస్తా పెట్టి దానిని తోస్తూ పరుగెత్తేవాడు. చూసినవారు ఏమనుకొన్నారో గాని, ఇంటినీ పరుగునూ పొత్తు కలిపిన ఉపాయాలలో ఇంతకంటె సరళమైనది మరొకటి దొరకదు. బిడ్డ బరువును తాను మోశాడు. బిడ్డ కాలాన్ని మాత్రం ముట్టుకోలేదు.

పోటీల నిర్వాహకులు వారిని వెంటనే ఆదరించలేదు. తోసేవాడొకడు, కూర్చునేవాడొకడు - వీరిని ఏ వర్గంలో చేర్చాలి? బోస్టన్ మారథాన్‌లో అధికారికంగా పాల్గొనాలంటే అర్హతకాలం సాధించాలన్నారు. అదైనా తండ్రి వయసుకు తగినది కాదు, యువకుడైన కుమారుని వయసుకు విధించిన కఠినమైన కాలం - 2 గంటల 50 నిమిషాలు. 1983లో వాషింగ్టన్ నగరపు మెరీన్ కోర్ మారథాన్‌ను వారు 2 గంటల 45 నిమిషాలలో ముగించి ఆ నోళ్ళు మూయించారు. తరువాత 1992లో సాధించిన ఉత్తమ కాలం 2 గంటల 40 నిమిషాల 47 సెకన్లు. ఒంటరిగా, వట్టి చేతులతో పరుగెత్తేవారిలోనూ అత్యధికులకు అందని వేగం అది. వెయ్యికి పైగా పోటీలలో ఆ కుర్చీ సాగింది. వారి పేరిట ఏర్పడిన ఫౌండేషన్ వికలాంగుల కోసం నిధులు సేకరిస్తూ వచ్చింది. రిక్ 1993లో బోస్టన్ విశ్వవిద్యాలయ పట్టభద్రుడయ్యాడు. నాన్నకు ఏమి ఇవ్వాలని ఉందని అడిగితే, ఒక్కసారి ఆయన కుర్చీలో కూర్చుంటే తాను తోయాలని ఉందన్నాడు.

కథ ఇంతటితో ఆపితే వినడానికి ఇంపుగానే ఉంటుంది. కాని ఆ ఇంటిలో జూడీ కూడా ఉంది, రిక్‌కు ఇద్దరు తమ్ముళ్ళూ ఉన్నారు. రిక్‌ను సాధారణ పాఠశాలలో చేర్చుకోమని ద్వారాలు తట్టింది ఆ తల్లి. వికలాంగ బాలలకు ప్రభుత్వ పాఠశాలలో విద్యాహక్కు కల్పిస్తూ మసాచుసెట్స్ రాష్ట్రం 1972లో చేసిన చట్టం వెనుక ఆమె వంటి తల్లుల పట్టుదల ఉంది. అటుపైన వికలాంగులు, ఇతర పిల్లలు కలిసి ఆడుకునే శిబిరాన్ని ఆమె నెలకొల్పింది. కెమెరాలు ముగింపు గీత వద్ద నిలుస్తాయి కనుక ఇవి ఎక్కువగా ఫొటోలకు ఎక్కలేదు. కాలక్రమాన ఆ దంపతులు విడాకులు తీసుకున్నారు. పరుగే అందుకు కారణమని చెప్పడం సాహసం. పరాయి దాంపత్యాన్ని బయటివారు తూకం వేయరాదు. అయినా తండ్రీ కుమారుల గాథను పొగిడే ప్రతి ఒక్కరూ ఈ వాక్యాన్ని దాటవేసి పోవడం మాత్రం సబబు కాదు.

పరుగెత్తేవానికి జనం ఎందుకు చందా ఇస్తారు? తెలుగువారికి ఇది విడ్డూరం కాకూడదు. బిడ్డకు జ్వరం తగ్గితే అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతామని మొక్కుకొనే తలిదండ్రులు ఎందరు లేరు! సుమారు 3,550 మెట్లు. ఒక ప్రాణి కోసం మరొక దేహం శ్రమించడం అందులో ఉన్న మర్మం. సహాయార్థపు పరుగు ఆ మొక్కునే బజారులోకి తెచ్చింది: శ్రమ నాది, ముడుపు మీది, ఫలం మూడవవానిది. 1981 మార్చిలో ఆరంభమైన లండన్ మారథాన్ ఈ పద్ధతికి పెద్ద సంత అయింది. 2004లో మొదలైన ముంబాయి మారథాన్ దానిని మన దేశంలో ప్రచారం చేసింది. 1992లో భార్యను, 1994లో కుమారుని పోగొట్టుకొన్న పంజాబీ రైతు ఫౌజా సింగ్, పాస్‌పోర్టు ప్రకారం 89 ఏళ్ళ వయసున, 2000లో లండన్‌లో నెలలు నిండకుండా పుట్టిన శిశువుల సంస్థ కోసం 6 గంటల 54 నిమిషాలు పరుగెత్తాడు. కొడుకు పోయిన దుఃఖం ఊరుకోనివ్వక ఆయన పరుగు పట్టాడు. 2025 జూలైలో స్వగ్రామం సమీపాన వాహనం ఢీకొని మరణించేనాటికి ఆయనకు 114 ఏళ్ళు.

తల్లుల సంగతి వేరు. 2019 జనవరిలో జాస్మిన్ ప్యారిస్ అనే పశువైద్యురాలు బ్రిటన్ కొండలలో 431 కిలోమీటర్ల స్పైన్ పందేన్ని 83 గంటల 12 నిమిషాలలో ముగించి, పురుషులందరికంటె ముందు నిలిచింది. ఇంటివద్ద 14 నెలల చంటిబిడ్డ. దారిలో విశ్రాంతి శిబిరాలలో ఇతరులు అన్నం తిని కునుకు తీస్తుంటే, ఆమె పాలు పిండుకోవలసి వచ్చింది. తండ్రి అయినవాడు గడియారంతో బేరమాడవచ్చు. చంటిబిడ్డ తల్లికి దేహంతోనే బేరం.

మళ్ళీ కడోదరా లెక్కకు వస్తే, ఆ ఇంటి తండ్రి 42 కిలోమీటర్లే పరుగెత్తాలని ఏ శాస్త్రంలోనూ లేదు. 10 కిలోమీటర్ల పరుగుకూ చందా అడగవచ్చు. దానికి వారానికి రెండు మూడు గంటలు చాలు. బూట్లు, ప్రవేశ రుసుము, రైలు చార్జీ ఇంటి ఖర్చులోనుంచే పోతాయి గనుక, పోగయ్యే సొమ్ము అంతకు మించుతుందో లేదో ముందే చూసుకోవాలి. మించకపోతే ఆ రూకలే నేరుగా ఆసుపత్రికి పంపడం మేలు. పిల్లవాడు సైకిలు మీద పక్కన వస్తే ఆ గంట ఇద్దరిదీ అవుతుంది. ఆదివారం ఉదయం భర్త పరుగుకు పోతే, సాయంత్రం గంటసేపు వంటిల్లు అతడిది కావాలి. ఈ చివరి షరతుకు ఒప్పుకొనేవారు తక్కువ.

ఆ ప్రాంతపు నేల ఇంతకుముందే ఒక పెద్ద నడకను చూసింది. 1930 మార్చి 12న సబర్మతిలో బయలుదేరిన గాంధీజీ, ఏప్రిల్ తొలి దినాలలో సూరత్ నగరం మీదుగా, డిండోలి దాటి, నవసారి మార్గాన దండికి సాగారు. అప్పటికి 60 ఏళ్ళు నిండిన ఆయన 24 రోజులలో 385 కిలోమీటర్లకు పైగా నడిచారు. వెంట నడిచినవారిలో రెండవ కుమారుడు మణిలాల్ ఉన్నాడు. పెద్ద కుమారుడు హరిలాల్ సంతానమైన కాంతిలాల్ కూడా ఉన్నాడు. మనుమడు తాతగారితో అడుగు కలిపాడు. తండ్రితో ఏనాడో తెగతెంపులు చేసుకున్న హరిలాల్ ఆ వరుసలో లేడు.