పాఠము వచ్చినది, అర్థ మేది?

మన విద్యావంతులలో కొందఱు ఫ్రీమేసను సంఘమున చేరి, దీర్ఘమైన క్రతుపాఠమును ఆంగ్లమున అక్షరము తప్పక వల్లెవేయుచుందురు. వైద్యులును వర్తకులును నడివయస్సున బాలురవలె పాఠ మప్పగించుట చూచి నవ్వువారు గలరు. నవ్వవలసిన పని లేదు. మన యిండ్లలో నశించిన యొక మంచి పద్ధతి అచ్చట నిలిచియున్నది. ముందు దానిని తెలిసికొందము.

ఈ సంఘము తెలుగునేలకు క్రొత్తది కాదు. హైదరాబాదులోని గోషామహలు బారాదరి 1872లోనే వారికి మందిరమయ్యెను. 1961లో భారతదేశమునకు ప్రత్యేకముగా గ్రాండు లాడ్జి యేర్పడినది. దాని వేదికపై బైబిలుతోపాటు భగవద్గీత, ఖురాను మొదలగు పవిత్రగ్రంథములను కూడ నుంతురు.

వారి దీక్షలో మూడు మెట్లు. మొదటి మెట్టెక్కినవానికి పెద్దసభ్యు డొకడు తోడై, పాఠమును నోటినుండి చెవి కందించును. రెండవ మెట్టెక్కుటకు ముందు క్రొత్తవాడు సభలో నిలిచి, ప్రశ్నలకు జ్ఞాపకమునుండియే బదులు చెప్పవలెను. అట్లు చెప్పిన పిదపనే ముందుకు పోవును.

మొదటి మెట్టున చూపు పనిముట్లలో 24 అంగుళముల కొలబద్ద యొకటి. అది దినములోని 24 గంటలకు గుర్తు: కొంత ప్రార్థనకు, కొంత పనికిని విశ్రాంతికిని, కొంత ఆపదలోనున్నవాని సాయమునకు. ఈ మాటలను తడబడక చెప్పించువాడు పాఠకుడు మాత్రమే. “నిన్నటి దినమును నీ వెట్లు పంచితివి?” అని అడుగువాడే గురువు. అడుగని చోట ఆ మందిరమును చిలుకల పంజరమే. ఇంగ్లండున 1823లో స్థాపింపబడిన ఎమ్యులేషను శిక్షణసభలో తప్పులేక అప్పగించినవానికి వెండి అగ్గిపెట్టె నిత్తురు. జ్ఞాపకశక్తికి బహుమాన మున్నది, నడవడికి లేదు. ఆ సంఘమువారు దీని నాలోచింపవలెను.

ఇక మన సంగతి. కృష్ణాడెల్టాలో అధికముగా పఠింపబడునది తైత్తిరీయశాఖ. సంత చెప్పించుకొని పదము, క్రమము, జట, ఘన యను పాఠములను సాధించు వేదాధ్యయనమును యునెస్కో 2003లో మానవజాతి వారసత్వముగా ప్రకటించెను. ఆ శ్రమకు నమస్కారము. నా వాదము పాఠశాలతో కాదు, గృహస్థులతో. నేడు బెజవాడలో ఉపనయన మొక పూటలో ముగియును. వటువు వినీ విననట్టు మంత్రము పలుకును, ఫొటోలు తీయుదురు, విందు వడ్డింతురు. మఱునాడు, “నిన్న నీకు చెప్పిన దేమి?” అని యడుగువాడు ఇంట లేడు. కొలబద్దకు అర్థము చెప్పువాడుండగా, గాయత్రికి చెప్పువాడు లేకపోవలెనా?

వివాహమునను ఇదే గతి. 1955 నాటి హిందూ వివాహచట్టము 7వ సెక్షను ప్రకారము, సప్తపది యాచారముగా గలచోట ఏడవ యడుగుతోనే వివాహము పూర్ణమై కట్టుబాటగును. ఆ యడుగులలో తా నేమి ప్రతిజ్ఞ చేయుచున్నదో వధు వెఱుగదు; వరుడును ఎఱుగడు. అర్థము తెలియని కాగితముపై వ్రాలు చేయవలదని బిడ్డలకు బోధించు మనము, అర్థము తెలియని మాటతో వారి జన్మలను ముడివేయుచున్నాము.

“శబ్దమే ఫలమిచ్చును, అర్థముతో పనిలేదు” అందురు కొందఱు. ఈ వాదము ప్రాచీనమే. మంత్రములు అర్థరహితములని కౌత్సుడు వాదించినట్లు చెప్పి, యాస్కుడు తన నిరుక్తమున దానిని ఖండించెను; అర్థమెఱుగని పాఠకుని బరువు మోయు మోడుతో పోల్చెను. “అచ్చుపుస్తకమున్నది, సెల్‌ఫోనులో స్వరమున్నది, గురువెందులకు?” అందురు మఱికొందఱు. పుస్తకము చెప్పును, యంత్రము వినిపించును. నీవు తప్పు నడచిన దినమున నిన్ను నిలదీయుటకు మనుష్యుడు కావలెను. తైత్తిరీయోపనిషత్తున గురువు శిష్యుని సాగనంపుచు, మా సత్ప్రవర్తననే అనుసరింపుము, తక్కినదానిని కాదు, అని చెప్పును. తన లోపమును విడిచిపెట్టు మనగల యంత్ర మున్నదా?

పురోహితుని నిందించుట సులభము. గడియారము చూపి త్వరపెట్టువారము మనమే. అర్థము చెప్పబోయిన ఆయనను ఆపువారమును మనమే.

ఇంకొక మాట. ఆ గ్రాండు లాడ్జి స్త్రీలను చేర్చుకొనదు. మన ఉపనయనము ఆడపిల్లలకును, పెక్కు కులములకును తలుపు మూసినది. ఈ దోషమున ఇరువురును సమానులే. అర్థము చెప్పుట ప్రారంభమైన యింట ఆ తలుపు నెందుకు మూసితిమో బిడ్డలే అడుగుదురు. అందుకే కాబోలు, పెద్దలకు అర్థమనిన ఇంత భయము!

చదువరులారా, ఉపనయనమునకు మూడు మాసములు ముందుగా గురువును కుదుర్చుడు. కుమారునితోపాటు కుమార్తెను కూర్చుండబెట్టుడు. వివాహమునకు ముందొక దినము వధూవరులకు మంత్రార్థమును తెలుగున చెప్పించి, ఆ దినమునకును పురోహితునకు సంభావన యిండు. పిదప బిడ్డలు ప్రశ్నింతురు. బదులు చెప్పలేని మంత్రముండిన, దానిని పలికించు హక్కు మనకు లేదు.