తలుపు తెరిస్తే చాలదు, చోటివ్వాలి

విశాఖ రేవు దగ్గర మూడు కొండలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదానిపై వేంకటేశ్వరుని ఆలయం, ఒకదానిపై ఇస్‌హాఖ్ మదీనా దర్గా, మరొకదానిపై మేరీమాత చర్చి. ఈ నగరం తన గురించి గర్వంగా చెప్పుకొనే మాటల్లో ఇదొకటి. నగరానికి ఉత్తరాన, రుషికొండ వైపు ఇప్పుడు మరికొన్ని కొండలు పేరు తెచ్చుకున్నాయి. వాటిని ఐటీ హిల్స్ అంటున్నారు. గీతం విశ్వవిద్యాలయం, 2023 అక్టోబరులో ప్రారంభమైన ఇన్ఫోసిస్ కార్యాలయం ఆ పరిసరాల్లోనివే. పాతనగరపు గల్లీల్లో పెరిగిన మన పిల్లలు అక్కడికి చదువు కోసం, కొలువు కోసం వెళుతున్నారు. రేవు కొండల ఇరుగుపొరుగుతనం ఈ కొత్త కొండలకూ అబ్బుతుందా అన్నదే ప్రశ్న.

సాఫ్ట్‌వేర్ రంగంలో సగం విద్య తరగతి గదికి బయటే దొరుకుతుంది. సెలవురోజున పదిమంది ఒకచోట చేరి, తెలిసినవారు తెలియనివారికి నేర్పే యూజర్ గ్రూపులు అందుకు పాఠశాలలు. తెలుగునాట స్వేచ్ఛ సంస్థ ఇంజనీరింగ్ కళాశాలల్లో ఇటువంటి గ్నూ/లినక్స్ బృందాలను పెంచింది. ఎక్కడ ఖాళీలున్నాయో తెలిసేది, సిఫారసు మాట దొరికేది ఇక్కడే. వీటికి రుసుము ఉండదు, ప్రవేశ పరీక్ష ఉండదు. అయినా కొందరు రెండోసారి రారు. ఎందుకు రారో ఎవరూ అడగరు.

పొమ్మనకుండానే పొగబెట్టవచ్చు. ప్రతి సమావేశమూ శుక్రవారం మధ్యాహ్నమే పెడితే జుమా నమాజుకు వెళ్లేవాడు తప్పుకొంటాడు. పైథాన్ పాఠాల కోసం ఏర్పడిన వాట్సాప్ బృందంలో మతవిద్వేషపు సందేశాలు తిరుగుతుంటే, వాటికి నిర్వాహకులు మౌనంగా ఉంటే, హిజాబ్ ధరించిన విద్యార్థిని ఎవరికీ చెప్పకుండా బయటికి వెళ్లిపోతుంది. ఆ మౌనం ఎంత ప్రమాదకరమో 2021 జూలైలో, 2022 జనవరిలో దేశం చూసింది. ముస్లిం మహిళల ఫొటోలను వేలం సరుకులా చూపిన రెండు యాప్‌లను గిట్‌హబ్‌లోనే పెట్టారు. అరెస్టయిన వారిలో ఇంజనీరింగ్ విద్యార్థులూ ఉన్నారు. వారికి కోడ్ రాయడం నేర్పినవారున్నారు. తోటివారి గౌరవం నేర్పినవారు లేకపోయారు.

పరిష్కారం తెలియనిదేమీ కాదు. డెబియన్ సమాజం 2014లో ఓటు వేసి ప్రవర్తనా నియమావళిని ఆమోదించుకుంది. లినక్స్ కెర్నెల్ బృందం 2018లో అదే బాట పట్టింది. ఆ సందర్భంలోనే లైనస్ టోర్వాల్డ్స్ తన పరుషమైన మాటలకు బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. అంతటి వాడికి లేని నామోషీ మనకెందుకు? రుషికొండలోని బృందాలూ నియమాలను తెలుగులో రాసి మొదటి రోజే చదివి వినిపించాలి. ఫిర్యాదు వినేందుకు ఇద్దరిని నియమించాలి. వారిలో ఒకరు మహిళ కావాలి. పాతనగరం అమ్మాయి చీకటి పడకముందే ఇల్లు చేరగలిగే వేళలో సమావేశం ముగించాలి. ఇంగ్లీషు తడబడేవారికి తెలుగులో చెప్పాలి. ఇవి ముస్లింలకు ప్రత్యేక రాయితీలు కావు. పల్లె నుంచి వచ్చిన దళిత విద్యార్థికీ, జాలరి బిడ్డకూ ఇవే మెట్లు.

మన వైపు లోపాలనూ దాచుకోరాదు. అవమానం ఎదురైందని మనకంటూ వేరే బృందం పెట్టుకోవడం తేలిక. అది కొంత ఊరటనిస్తుంది కానీ పెద్ద గది తలుపును మనమే మూసినట్టవుతుంది. కొడుకును పంపి కూతురిని ఆపే తల్లిదండ్రులు, తాము కోరే సమానత్వం తమ గుమ్మం దగ్గరే ఆగిపోతోందని గుర్తించాలి. ఇప్పటికే కొలువుల్లో స్థిరపడిన మన యువకులు నెలకొక పూట ఆ సభల్లో కూర్చుని, కొత్తగా వచ్చిన పిల్లల పక్కన నిలబడాలి. ఆ పిల్లలు ఏ మతం వారైనా సరే.

ఒక వర్గం మరో వర్గాన్ని ఎగతాళి చేయరాదని, వంకర పేర్లతో పిలవరాదని హుజురాత్ సూరా ఆదేశిస్తోంది. సభల్లో తోటివారికి చోటు కల్పించమన్నప్పుడు జరిగి కూర్చోవాలని ముజాదలా సూరా బోధిస్తోంది. మొదటి ఆదేశం పాటించమని బృందాల నిర్వాహకులను అడిగే హక్కు మనకుంది. రెండోదాన్ని ముందుగా పాటించవలసిన బాధ్యత కూడా మనదే.