లాలాగూడ కార్ఖానాలో మన శిస్తు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పాఠకుల కోసం వచ్చే పత్రికలో సికింద్రాబాద్‌లోని లాలాగూడ రైల్వే వర్క్‌షాపు ముచ్చటెందుకని ఎవరైనా అడగవచ్చు. అడగడంలో తప్పులేదు. పెద్దపల్లి - నిజామాబాద్ లైనుకు 1993లో పి.వి. నరసింహారావు శంకుస్థాపన చేస్తే, జగిత్యాల, కోరుట్ల మీదుగా అది పూర్తయ్యేసరికి 2017 వచ్చింది. సిరిసిల్ల ఇప్పటికీ పట్టాల కోసం ఎదురుచూస్తూనే ఉంది. రైలే ఆలస్యంగా చూసినవాళ్లకు రైలు కార్ఖానా మీద పట్టింపు ఏముంటుంది?

ఉండాలనే మా వాదన. ఎందుకంటే దాని పునాదిలో మన శిస్తు ఉంది.

వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు 1874లోనే రైలొచ్చింది. దాన్ని లండన్‌లో పెట్టిన కంపెనీకి అప్పగించి, బెజవాడ వైపు, చాందా వైపు పొడిగించాలని 1883 నాటికి పథకం వేశారు. కంపెనీ పెట్టుబడికి వడ్డీ పూచీ నిజాం సర్కారుది. 'నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే' అన్న పేరులోని గ్యారంటీ అదే. లాభం తక్కువైతే ఖజానా నింపాలి, ఖజానాను రైతు నింపాలి. జగిత్యాల, సిరిసిల్ల అప్పుడు నిజాం రాజ్యంలోని ఎల్గందుల జిల్లా తాలూకాలు కాబట్టి, ఆ ఖజానాలో మన శిస్తూ ఉంది. ఈ పథకం గుట్టు ప్రజలకు చెప్పాలని పట్టుబట్టినందుకే అఘోరనాథ్ ఛటోపాధ్యాయను, అంటే సరోజినీ నాయుడు తండ్రిని, 1883లో హైదరాబాద్ నుంచి వెళ్లగొట్టారు. మన దగ్గర కంపెనీ రైలు చరిత్ర లెక్కలడిగిన పంతులుకు శిక్షతో మొదలైందన్న మాట!

ఆ కంపెనీ 1893లో లాలాగూడలో వర్క్‌షాపు పెట్టింది. రైలుపెట్టెను చక్రాల మీంచి పైకి లేపడం, చక్రాలను లేత్ మీద తిప్పి చెక్కడం, బ్రేకులు విప్పి సరిచేయడం, కొత్త రంగు వేసి మళ్లీ పట్టాలెక్కించడం అక్కడి పని. పెట్టెలు కర్రతో చేసిన రోజుల్లో వడ్రంగికి, కమ్మరికి అక్కడ పెద్దపీట. తరవాత ఫిట్టర్లు, వెల్డర్లు వచ్చారు. 1930లో రైల్వేను నిజాం సర్కారు కొనేసింది, 1951లో అది భారత రైల్వేలో కలిసింది, 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. బోర్డు మీద పేర్లు మారాయిగానీ షెడ్డులో పని ఆగలేదు.

చిక్కంతా ఆ పని దగ్గరే ఉంది. మూతపడ్డ కోటను కాపాడటం తేలిక. నడిచే కార్ఖానాకు కొత్త క్రేను కావాలి, కొత్త కప్పు కావాలి. పాతదాన్ని కూల్చడానికి కారణం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. సికింద్రాబాద్ స్టేషన్ పాత భవనాన్ని 2025 ఫిబ్రవరిలో కూల్చేశారు. కొత్త స్టేషన్ అవసరమే. పాత ముఖద్వారాన్ని కలుపుకుని కట్టలేకపోవడం మాత్రం అసమర్థతే. ఇంగ్లండ్‌లో స్విండన్ రైల్వే కార్ఖానా 1986లో మూతపడింది, 2000లో అక్కడ మ్యూజియం తెరిచారు. మూతపడ్డాక వాళ్లు చేసిన పనిని మనం నడుస్తుండగానే చేయవచ్చు. పాత షెడ్లను కొలిచి నక్షాలు గీయించాలి. పనికిరాని యంత్రాలను తుక్కు వేలానికి పంపేముందు కొన్నింటిని అట్టిపెట్టాలి. ఏడాదికి ఒక్కరోజైనా గేటు తెరిచి విద్యార్థులను లోపలికి రానివ్వాలి. సాంచాలు (మరమగ్గాలు) తుక్కు కింద తూకానికి పోవడం చూసిన సిరిసిల్లకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. జగిత్యాల నక్షత్రాకారపు కోటను కాపాడమని అడిగేవాళ్లున్నారు, సంతోషం. పనిచేసే చేతుల చోటు కోసం అడిగేవాళ్లే తక్కువ.

రాష్ట్రానికి 2017లో వారసత్వ చట్టం వచ్చినా, రైల్వే ఆస్తి కేంద్రానిది. కాబట్టి ఈ పని రైల్వే శాఖే పూనుకుని చేయాలి, మన ఎంపీలు అడగాలి.

పాఠకులకొక విన్నపం. మీ ఇళ్లలో లాలాగూడలో పనిచేసి రిటైరైన పెద్దలుంటే వారి చేత నాలుగు మాటలు రాయించండి, లేదా చెప్పించి మీరే రాయండి. పాత ఫొటోలుంటే నకళ్లు పంపండి. వరుసగా అచ్చువేస్తాం.