వెళ్ళొస్తా

మా అమ్మాయి క్లాసుమేటు వాళ్ళ నాన్న పైలట్. వైజాగ్ వాళ్ళు. ఆయన్ని నేను చూసింది తక్కువే, ఎప్పుడూ ఏదో ఒక ఖండం మీద ఉంటాడు. వాళ్ళావిడ మాత్రం దోహా వచ్చిన ఏడాదిలోనే మాకు అక్క అయిపోయింది.

2025 జూన్ 23, సోమవారం సాయంత్రం. ఖతార్ గగనతలం మూసేశారని వార్త. కాసేపటికే ఆకాశంలో వెలుగులు, కిటికీలు అదిరే చప్పుళ్ళు. అల్ ఉదైద్ స్థావరం మీదికి ఇరాన్ క్షిపణులు వేసింది. మా ఆవిడ నోట వచ్చిన మొదటి మాట, "బావగారు గాల్లో ఉన్నారు కదండీ!" అహ్మదాబాద్‌లో విమానం కూలి 241 మంది ప్రయాణికులూ సిబ్బందీ పోయి అప్పటికి పదకొండు రోజులే.

పరిగెత్తుకుంటూ వెళ్ళాం. అక్క పిల్లలకి దోసెలు పోస్తోంది. నేను ఫోన్లో విమానాలు కనిపించే యాప్ తెరిచాను. "తమ్ముడూ, అది మూసెయ్యి. మా ఇంట్లో దాన్ని చూడం" అంది. పదేళ్ళ పిల్లాడు నాకు పాఠం మొదలుపెట్టాడు. "దోహాకి సరిపడా మాత్రమే పోసుకోరు అంకుల్. ఇక్కడ దిగలేకపోతే ఇంకో ఎయిర్‌పోర్టుకి వెళ్ళడానికి, అది కాక ఇంకో 30 నిమిషాలు తిరగడానికి కూడా ఉంటుంది." ఇంజనీరింగు చదివిన నాకు ఈ లెక్క తెలీదు.

ఆ రాత్రి దోహాకి రావాల్సిన ఖతార్ ఎయిర్‌వేస్ విమానాలు తొంభైకి పైగా దారి మళ్ళాయి. మస్కట్‌లో దిగామని ఆయన మెసేజ్ వచ్చింది. అక్క చదివి, స్టవ్ ఆపి, అప్పుడు కూర్చుంది. చేతులు వణుకుతుంటే కొంగులో దాచుకుంది.

"ఏమీ కాదు అని ఆయన ఒక్కసారి కూడా అనలేదు" అంది తర్వాత. "ఏదైనా అయితే ఏం చేస్తారో చెప్తారు." ప్రతి టేకాఫ్‌కి ముందూ ఇంజను ఆగిపోతే ఏం చెయ్యాలో పైలట్లిద్దరూ పైకి చెప్పుకుంటారట. సిమ్యులేటర్‌లో ఏటా రెండేసి సార్లు అదే పరీక్ష. ఇంట్లోనూ అదే పద్ధతి. బీరువాలో ఒక ఎర్ర ఫైలు. ఇన్సూరెన్సు, నామినీలు, ఏ బ్యాంకులో ఎంత, ఎవరికి ఎంత ఇవ్వాలి. మొదటి పేజీలో ఒకే వాక్యం: కంపెనీ వాళ్ళు ముందుగా ఇక్కడే ఉన్న మా బావమరిదికి ఫోన్ చెయ్యాలి. కబురు ఆమెకి ఫోన్లో కాకుండా ఇంటి మనిషి నోట తెలియాలని.

ఇంత లెక్కా చేసే మనిషి గడప దాటేటప్పుడు మాత్రం "వెళ్తున్నా" అనడట. "వెళ్ళొస్తా" అనాల్సిందే. పొరపాటున నోరు జారితే లోపలికొచ్చి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయల్దేరతాడు.

నేను ఆఫీసులో ఆర్నెల్లకోసారి సర్వర్లన్నీ కూలిపోయినట్టు నటించి, వాటిని మళ్ళీ నిలబెట్టే డ్రిల్ చేయిస్తాను. ఇంట్లో? నేను పోతే మా ఆవిడకి నా లాప్‌టాప్ కూడా తెరుచుకోదు. ఆమె ఇక్కడ ఉండే అనుమతి నా ఉద్యోగం మీదే ఉంది. నిజానికి పైలట్ల కంటే మనమే ఏ సిద్ధమూ లేకుండా ఎగురుతున్నాం. 2010లో మంగళూరులో 158 మంది పోయారు, దుబాయి నుంచి ఇంటికి వెళ్తూ. కరీంనగర్, నిజామాబాద్ నుంచి ఇక్కడికి పనికొచ్చే అన్నలకి వచ్చే ముందే ప్రవాసీ భారతీయ బీమా కట్టిస్తారు. ప్రమాదంలో పోతే 10 లక్షలు. ఆ కాగితం సూట్‌కేసు అడుగున పడి ఉంటుంది. ఊళ్ళో భార్యకి అలాంటిదొకటి ఉందనే తెలీదు. నాకు తెలిసిన ముగ్గుర్ని అడిగాను. ఇద్దరు "ఆ మాట ఇంట్లో ఎత్తొద్దు సార్" అన్నారు.

ఆ వారాంతం కూర్చుని నేనూ ఒక ఫైలు రాశాను. సొంతంగా నేర్చుకున్న టైపింగు, రెండు వేళ్ళ వేగం, మూడు పేజీలకి అర్ధరాత్రి అయింది. మా ఆవిడ చదివింది. "అశుభం మాటలు" అంటుందనుకున్నా. అనలేదు. రెండోసారి చదివి, "అప్పులేమీ లేవా మనకి?" అంది.

నాలుగేళ్ళ కింద ఒక స్నేహితుడి లోనుకి హామీ సంతకం పెట్టాను. వాడు కట్టడం మానేశాక, ఏడాదిన్నరగా నేనే కడుతున్నాను. అది ఆ మూడు పేజీల్లో లేదు.

నాలుగో పేజీ ఆమె పక్కన కూర్చుని ఉండగా టైపు చేశాను.