బడి బూటుకు రంగు నియమం ఒక్కటి చాలు

జూన్ మొదటి వారంలో విజయవాడ బీసెంట్ రోడ్డులోనో, హైదరాబాద్ కోఠిలోనో ఏ చెప్పుల దుకాణంలోకి తొంగి చూసినా ఒకటే మాట: ‘పెరిగే పిల్లాడు కదండీ, ఒక నంబరు పెద్దది ఇవ్వండి.’ సేల్స్‌మన్ బూటు ముందు భాగాన్ని బొటనవేలితో నొక్కి ‘చూడండి, ఇంకా చోటుంది’ అంటాడు. పిల్లాడు అద్దం ముందు నాలుగడుగులు వేస్తాడు. బిల్లు అయిపోతుంది. మెట్లెక్కేటప్పుడు మడమ దగ్గర బూటు టపటపలాడుతుందన్న సంగతి జూన్ 12న బడి తెరిచాక గానీ బయటపడదు.

ఆ ఒక్క నంబరు విలువెంతో చూడాలి. మన దుకాణాల్లో ఎక్కువగా నడిచేది బ్రిటిష్ కొలత. అందులో నంబరుకూ నంబరుకూ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే దాదాపు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. పిల్లల నంబర్లు 13 దాకా వెళ్లి మళ్లీ 1 నుంచి మొదలవుతాయి కాబట్టి సగంమంది తల్లిదండ్రులకు ఆ లెక్క అక్కడే తికమక. బడి వయసు పిల్లల పాదం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. సరిగ్గా సరిపోయిన బూటులో కూడా పొడవైన వేలి ముందు ఇంచుమించు అంతే ఖాళీ వదులుతారు. పెరుగుదల కోసం ఉన్న చోటు అదే. దాని మీద ఇంకో నంబరు కలిపితే ఖాళీ రెండు సెంటీమీటర్లకు చేరువవుతుంది. అప్పుడు బూటు జారిపోకుండా పట్టుకునే పని వేళ్ల మీద పడుతుంది. వేళ్లు ముడుచుకుంటాయి, మడమ ఎగిరెగిరి పడుతుంది, బూటు కరుస్తుంది.

పెద్ద బూటుతో మొదలైన ఏడాది చాలా ఇళ్లలో చిన్న బూటుతో ముగుస్తుంది. ‘మొన్ననే కదా కొన్నాం’ అని అదే జతను రెండో ఏడాదికీ లాగుతారు. ఇది మన దగ్గరే కాదు. ఆస్ట్రియాలో 850 మందికి పైగా బడి ఈడు రాని పిల్లల పాదాలను, బూట్లను కొలిచి 2009లో అచ్చువేసిన అధ్యయనంలో ఎక్కువమంది తమ కాలికి చాలని బూట్లే తొడుక్కున్నారని తేలింది. బూటు ఎంత పొట్టిదైతే బొటనవేలు పక్క వేళ్లవైపు అంతగా వంగుతున్నట్టు కూడా కనిపించింది.

పిల్లలు చెప్పరా అంటే, చెప్పరు. చిన్న పిల్లల పాదంలో చాలా భాగం ఇంకా గట్టిపడని మృదులాస్థే. ఇరుకులో నొప్పెట్టకుండానే సర్దుకుపోగలదు. పైగా మోడల్ నచ్చిందంటే ‘బానే ఉంది’ అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. బొటనవేలితో నొక్కి చూసే పరీక్షకూ వాళ్లు చిక్కరు, నొక్కగానే వేళ్లు వెనక్కి ముడుస్తారు. ఇంతకన్నా నమ్మకమైన పని ఇంట్లోనే చేయొచ్చు. సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, పిల్లాణ్ని అట్ట మీద నిలబెట్టి రెండు కాళ్లూ గీయాలి. రెండింటిలో పెద్దదాని పొడవుకు ఒక సెంటీమీటరు కలిపి సన్నటి పట్టీ కత్తిరించి దుకాణానికి తీసుకెళ్లాలి. ఆ పట్టీ బూటులో వంగకుండా పట్టాలి. లోపలి అట్ట ఊడివచ్చే బూటైతే ఇంకా సులువు: దాన్ని బయటికి తీసి పిల్లాణ్ని దాని మీదే నిలబెడితే పాదం ఎక్కడ పక్కకు పొర్లుతోందో కంటికే కనిపిస్తుంది.

ఆ పక్కకు పొర్లడమే మన దగ్గర అసలు చిక్కు. అమెరికాలో 1920ల నుంచీ దుకాణాల్లో ఉన్న బ్రానక్ కొలబద్ద పాదం పొడవుతోపాటు వెడల్పునూ కొలుస్తుంది. మన దుకాణాల్లో వెడల్పు అడిగేవారూ లేరు, చెప్పేవారూ లేరు. మనవాళ్ల పాదాలేమో పాశ్చాత్యుల పాదాలకన్నా వెడల్పు. చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు 79 చోట్ల లక్ష మందికి పైగా పాదాలను త్రీడీ స్కానర్లతో కొలిచి తేల్చిన మాట ఇది. వెడల్పు చాలక ఒక నంబరు పెద్దది కొనుక్కోవడం మనకు అలవాటైపోయింది. ఆ సర్వే ఆధారంగా ‘భ’ పేరుతో భారతీయ పాదాల కొలతలను ప్రతిపాదించారు. పసివాళ్ల నుంచి పెద్దల దాకా ఎనిమిది వర్గాలున్న ఆ పట్టికలో నాలుగు నుంచి ఆరేళ్ల వారికి ఒకటి, ఏడు నుంచి పదకొండేళ్ల వారికి ఇంకొకటి ఉన్నాయి.

ఇక ఫ్యాషన్. ‘బడికి వెళ్లేవాడికి ఫ్యాషనెందుకు’ అని విసుక్కునే పెద్దలు ఒక్కసారి పాఠశాల గేటు దగ్గర నిలబడి చూడాలి. ఒకే చొక్కా, ఒకే నిక్కరు, ఒకే టై వేసుకున్న పిల్లలకు తమదంటూ చూపించుకోవడానికి మిగిలింది కాళ్లే. నచ్చిన బూటును పిల్లలు తుడుచుకుంటారు, నచ్చనిదాన్ని మడమ తొక్కి చెప్పులా ఈడ్చుకు తిరుగుతారు. అందుకే ఎంపికలో పిల్లలకు మాట ఉండాలి. కొలత పెద్దలది, మోడల్ పిల్లలది అనుకుంటే దుకాణంలో సగం గొడవ తగ్గుతుంది.

ఆడపిల్లల విషయంలో మాత్రం ఫ్యాషన్ పేరుతో అన్యాయమే జరుగుతోంది. అబ్బాయిలకు లేసుల బూటు, మందపాటి సోల్. అమ్మాయిలకు పాదం పైభాగం తెరుచుకుని ఉండే పల్చటి బకిల్ షూ. అమెరికాలో ఈ పట్టీ బూటుకు పేరు తెచ్చిన 1902 నాటి ‘బస్టర్ బ్రౌన్’ బొమ్మల కథలో దాన్ని మేరీ జేన్ అనే పాపే కాదు, బస్టర్ అనే అబ్బాయీ వేసుకునేవాడు. అది ఆడపిల్లల సొంతం కావడం తర్వాతి ముచ్చట. 2017లో బ్రిటన్‌లో క్లార్క్స్ సంస్థ అమ్మాయిల బడి బూటుకు ‘డాలీ బేబ్’ అనీ, అబ్బాయిలదానికి ‘లీడర్’ అనీ పేర్లు పెట్టి తిట్లు తిని, డాలీ బేబ్‌ను వెనక్కి తీసుకుంది. మన దగ్గర పేర్ల గొడవ లేదు గానీ, కబడ్డీ ఆడే ఏడో తరగతి అమ్మాయి కాలికి ఆ పల్చటి సోలే దిక్కు.

ఇంత ఆలోచించి కొందామన్నా బడి అడ్డం పడుతుంది. ఫలానా కంపెనీ, ఫలానా మోడల్, అది కూడా బడి కౌంటర్‌లోనే కొనాలనే నియమం ప్రైవేటు బడుల్లో మామూలైపోయింది. 2024లో హైదరాబాద్ జిల్లా విద్యాధికారి యూనిఫాం, బూట్లు, బెల్టులు బడి ఆవరణలో అమ్మరాదని ఆదేశించాల్సి వచ్చింది. ఒకే మోడల్ అంటే ఒకే వెడల్పు. వెడల్పు పాదం ఉన్న పిల్లాడు అందులో ఇరుక్కోవలసిందే. ఎల్‌కేజీ పిల్లలకు లేసుల బూట్లు పెట్టే బడుల సంగతి సరేసరి, ఆ లేసులు కట్టలేక ఆయమ్మల నడుములు విరుగుతుంటాయి. అసలు ఆ వయసుకు మూసిన బూటు అంత అవసరమా? కస్తూర్బా వైద్య కళాశాల వైద్యులు యు.బి. రావు, బెంజమిన్ జోసెఫ్ 2,300 మంది పిల్లల పాదముద్రలు పరిశీలించి 1992లో ప్రచురించిన వ్యాసంలో, చదును పాదాలు బూట్లు వేసుకునేవారిలో 8.6 శాతం, వట్టి కాళ్లతో తిరిగేవారిలో 2.8 శాతం కనిపించాయని రాశారు. ముందు భాగం మూసిన బూట్లు వేసుకునేవారిలోనే ఇది ఎక్కువ. అలాగని పిల్లల్ని గాజుపెంకుల వీధుల్లోకి వట్టి కాళ్లతో పంపమని ఎవరూ అనరు. చిన్న తరగతులకు మెత్తటి వెల్క్రో శాండల్‌ను ఒప్పుకుంటే బడి పరువేమీ పోదు. నలుపు రంగు అని రాసి, మిగతాది ఇంటికి వదిలేస్తే చాలు.

ధర కోణమూ ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రూ.2,500 లోపు చెప్పులు, బూట్ల మీద జీఎస్టీ 5 శాతానికి తగ్గింది. రెండేళ్లు మన్నుతుందని ఖరీదైన జత కొని ఏడాదికే పక్కన పడేసేకంటే, మోస్తరు ధరలో సరిపోయినది కొని ఆరు నెలలకోసారి మళ్లీ కొలవడం మేలు. అన్న బూటు తమ్ముడికి దించడం మాత్రం ఆచితూచి చేయాలి, లోపలి అట్ట అన్న పాదం ఆకారానికే గుంటలు పడి ఉంటుంది.

ప్రభుత్వ బడుల్లో ఈ భారమంతా కొలత తీసే టీచర్ల మీద ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 అక్టోబరులో జగనన్న విద్యాకానుకగా మొదలై, ఇప్పుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర పేరుతో ఇస్తున్న కిట్‌లో బూట్లూ సాక్సులూ ఉంటాయి. కూలి పనికి వెళ్లే ఇంటికి అది చిన్న సాయం కాదు. కానీ కొలత తీసిన నాటికీ, బూటు చేతికొచ్చిన నాటికీ మధ్య కాలు ఆగదు. నంబరు సరిపోకపోతే ఊళ్లోనే మార్చుకునేలా ప్రతి మండలంలో కొన్ని అదనపు జతలు ఉంచాలి, డిసెంబరులో మరోసారి కొలవాలి. అందరినీ కొలిచే తీరిక లేకపోతే ఐదు, ఆరు తరగతుల ఆడపిల్లలతో మొదలుపెట్టవచ్చు. చెన్నై సర్వే ప్రకారం వాళ్ల పాదం పదకొండేళ్లకే దాదాపు పూర్తిగా ఎదుగుతుంది, అబ్బాయిలకైతే పదిహేను పదహారేళ్ల దాకా వ్యవధి ఉంది.